ఎత్తబడకుండా మిగిలిన పిల్లలు

మా స్నేహితుడొకడికి యాభై రెండేళ్లు. బ్యాంకులో మేనేజరు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు రెండోసారి కూడా ఎవరూ ఎత్తకపోతే అతనికి అరచేతులు చెమట పడతాయి. ఏ యాక్సిడెంటు జరిగిందోనన్న భయం కాదు అది. తొమ్మిదేళ్ల వయసులో ఒక సాయంత్రం బడి నుంచి ఇంటికొచ్చాడు. తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి మీద పాలు పొంగి, గట్టంతా కారి, మాడు వాసన కొడుతోంది. అమ్మ లేదు. అక్క లేదు. గోడ అవతల ఉండే సంఘస్తురాలు ఆంటీ కూడా లేదు.

వాళ్లది ఊళ్లో ముప్పై కుటుంబాల చిన్న సహవాసం. సినిమా లేదు, రేడియోలో పాటలు లేవు, ఆడవాళ్లకు నగ లేదు. సంక్రాంతికి పక్కింటివాళ్లు పంపిన అరిసె ముట్టడానికి లేదు. ప్రభువు రెండో రాకడప్పుడు సంఘం ఎత్తబడుతుందని, పాపం దాచుకున్నవాళ్లు మాత్రం ఇక్కడే మిగిలిపోతారని ప్రతి ఆదివారం వినేవాడు. ఆ రోజే బడిలో పక్కవాడి డబ్బాలోంచి ఓ అరిసె ముక్క తిన్నాడు. ఇంకేముంది, అందరూ వెళ్లిపోయారు, తనొక్కడే మిగిలాడు. నిజానికి పక్క వీధిలో ఎవరికో నొప్పులు మొదలైతే ఆడవాళ్లంతా అటు పరుగెత్తారు. అరగంటకు అమ్మ వచ్చింది, పొయ్యి కట్టేయలేదని నాలుగు చీవాట్లు పెట్టింది. వాడు నోరు మెదపలేదు. మెదిపితే అరిసె సంగతి కూడా చెప్పాలి కదా.

ఆ సహవాసం వదిలి ముప్పై ఏళ్లయింది. దేవుణ్ణి నమ్ముతావా అంటే నవ్వి ఊరుకుంటాడు. చెమట మాత్రం పోలేదు.

ఇది మా ఊరి విడ్డూరం అనుకున్నాను చాలాకాలం. అమెరికాలో ఇలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లు కూడా అచ్చం ఇదే చెబుతారని తర్వాత తెలిసింది. అక్కడ ఖాళీ ఇల్లు, నడుస్తూ ఉన్న టీవీ. ఇక్కడ పాల గిన్నె. మార్లీన్ వినెల్ అనే మనస్తత్వవేత్త ఇలాంటివాళ్లతో ఏళ్ల తరబడి పనిచేసి, 2011లో దీనికి రిలీజియస్ ట్రామా సిండ్రోమ్ అని పేరు పెట్టింది. వైద్యుల అధికారిక జబ్బుల జాబితాలో ఆ పేరు లేదు. అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో 1994 నుంచి 'మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య' అన్న పద్దు ఒకటుంది. కానీ దాన్ని జబ్బుగా లెక్కపెట్టలేదు, పట్టించుకోవాల్సిన విషయం అన్నారంతే. నాకైతే అదే సరైన చోటనిపిస్తుంది. పెంపకాన్ని పెంపకంగానే చూడాలి తప్ప మొత్తాన్నీ రోగం ఖాతాలో వేయకూడదు.

ఈ విషయం మీద రాసేవాళ్లందరికీ ముందే ఎదురయ్యే చిక్కొకటుంది. గుంపు వదిలి బయటికొచ్చినవాళ్లే పుస్తకాలు రాస్తారు, ఇంటర్వ్యూలిస్తారు, పరిశోధకుల ప్రశ్నలకు జవాబులు చెబుతారు. లోపల సుఖంగా ఉన్నవాడు నోరు విప్పడు. లోపల నలుగుతున్నవాడు విప్పలేడు. కాబట్టి ఇన్ని శాతం మంది చెడిపోయారని ఎవరైనా లెక్క చెబితే కాస్త ఆగి వినాలి. రెండో వైపు లెక్కలూ ఉన్నాయి. హార్వర్డ్‌కు చెందిన యింగ్ చెన్, టైలర్ వాండర్‌వీల్ 2018లో అచ్చేసిన అధ్యయనంలో అయిదు వేల మందికి పైగా పిల్లల్ని పెద్దయ్యేదాకా వెంబడించారు. చిన్నప్పుడు కనీసం వారానికోసారి ప్రార్థనకు వెళ్లినవాళ్లు ఇరవైల్లోకి వచ్చాక తాము సంతోషంగా ఉన్నామని చెప్పే అవకాశం, అసలు వెళ్లనివాళ్లకంటే 18 శాతం ఎక్కువ. మత్తుమందుల జోలికి వెళ్లే అవకాశం 33 శాతం తక్కువ. అంటే మతం పిల్లల్ని పాడు చేస్తుందని గంపగుత్తగా అనేవాళ్లకు ఇక్కడ చోటు లేదు. అయితే వీళ్లు నర్సుల పిల్లలు. తల్లి ఉద్యోగానికి వెళ్లే ఇళ్లు, పిల్లలు మామూలు బడికి పోయే ఇళ్లు. గుడికో చర్చికో వెళ్లి మళ్లీ వీధిలోకొచ్చే బాల్యం వేరు, వీధే లేని బాల్యం వేరు. నేను మాట్లాడుతున్నది రెండోదాని గురించి.

వీధి లేని బాల్యం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూసినవాడు బ్రూస్ పెరీ. పిల్లల మానసిక వైద్యుడు. 1993 ఫిబ్రవరి 28న టెక్సస్‌లోని వేకో దగ్గర డేవిడ్ కొరెష్ అనే మతనాయకుడి మనుషులున్న ప్రాంగణం మీద ఫెడరల్ ఏజెంట్లు దాడి చేశారు. 51 రోజుల ముట్టడి తర్వాత అది మంటల్లో ముగిసింది. మొదటి రోజుల్లోనే 21 మంది పిల్లల్ని బయటికి వదిలారు. వాళ్లను చూసుకునే పని పెరీ బృందానిది. బైబిలు ఆ పిల్లల నోట ధారాళంగా పలికేది. చదువులో వయసుకు మించి ఉన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఊరికే కూర్చున్నప్పుడు నాడి చూస్తే నిమిషానికి నూరు దాటి కొట్టుకునేది. రోజులు గడిచినా దిగలేదు. ఒక పాపకు వేరుసెనగ వెన్న రాసిన బ్రెడ్డు ఇస్తూ, జామ్ వేసి ఇవ్వనా, వట్టిదే ఇవ్వనా అని అడిగారు. ఆ పిల్ల తికమకపడింది, చివరికి కోపం తెచ్చుకుంది. ఏం కావాలని అప్పటిదాకా ఆమెనెవరూ అడగలేదు. ఏం తినాలో, ఎక్కడ పడుకోవాలో, ఎవరితో కూర్చోవాలో అన్నీ ఒకరు చెప్పేవారు.

దెబ్బలు, ఆకలి, లైంగిక హింస గురించి అందరికీ వెంటనే అర్థమవుతుంది. ఈ బ్రెడ్డు ముక్క సంగతి అంత తొందరగా అర్థం కాదు. గుంపులు వదిలి వచ్చిన చాలామంది పెద్దయ్యాక చెప్పే కష్టం సరిగ్గా ఇలాంటిదే. పెళ్లి, ఉద్యోగం లాంటి పెద్ద నిర్ణయాలు ఎలాగో తీసుకుంటారట, షాపులో చొక్కా రంగు దగ్గర ఆగిపోతారట.

జాంజా లాలిచ్, కార్లా మెక్‌లారెన్ అనే ఇద్దరు 39 గుంపుల్లో పుట్టి పెరిగిన 65 మందితో మాట్లాడి 2018లో ఒక పుస్తకం వేశారు. పెద్దయ్యాక గుంపులో చేరినవాడికీ, అందులోనే పుట్టినవాడికీ మధ్య తేడా వాళ్లు తేల్చిన ముఖ్యమైన విషయం. పాతికేళ్ల వయసులో చేరి నలభైలో బయటపడినవాడికి వెనకటి మనిషి ఒకడు ఉంటాడు. పాత స్నేహితులు, పాత చదువు, పాత పాటలు. విసిగిపోతే వాటి దగ్గరికి చేరతాడు. అక్కడే పుట్టినవాడికి తిరిగి వెళ్లడానికి పుట్టిల్లంటూ లేదు. పుట్టిల్లే ఆ గుంపు. మాటలు కూడా దానివే. మా స్నేహితుడి ఇంట్లో మనుషులు రెండే రకాలు, విశ్వాసులు, లోకస్తులు. నేను లోకస్తుణ్ణి. కోపంతో అనేవాళ్లు కాదు, ఎర్ర చొక్కా, నీలం చొక్కా అన్నంత మామూలుగా అనేవాళ్లు. బయటికొచ్చాక కూడా తనను తాను చాలాకాలం 'పడిపోయినవాణ్ణి' అనే చెప్పుకున్నాడు. ఎందుకు వెళ్లిపోయానో చెప్పడానికి వాడి దగ్గర వేరే మాట లేదు మరి.

కఠినమైన నియమాలే కీడు చేస్తాయా అంటే, దానికి జవాబు మన దేశపు గురువులు మొదలుపెట్టిన రెండు గుంపుల చరిత్రలో కొంత దొరుకుతుంది. ఒకచోట నియమాలు మెండు, ఇంకోచోట దాదాపు సున్న.

ఇస్కాన్ అమెరికాలో వ్యాపించిన కొత్తల్లో, 1971లో డల్లాస్‌లో మొదటి గురుకులం పెట్టింది. నాలుగైదేళ్ల పిల్లల్ని కూడా అక్కడ దింపేవారు. తల్లిదండ్రులు వీధుల్లో, విమానాశ్రయాల్లో పుస్తకాలమ్మి ఉద్యమానికి డబ్బు తేవాలి, పిల్లలుంటే ఆ పని సాగదు. 1976లో డల్లాస్ బడి మూతపడింది, పిల్లలు బృందావనంతో సహా వేరే గురుకులాలకు చేరారు. అక్కడ కొట్టడం, చీకటి గదుల్లో పెట్టడం, లైంగికంగా వాడుకోవడం ఏళ్ల తరబడి సాగాయి. బర్క్ రోచ్‌ఫర్డ్ అనే సమాజ శాస్త్రవేత్త 1998లో దీని మీద రాసిన వ్యాసాన్ని ఇస్కాన్ తన సొంత పత్రికలోనే వేసింది. ఈ విషయంలో వాళ్ల నిజాయితీని ఒప్పుకోవాలి. ఆ ఏడే పిల్లల రక్షణ కార్యాలయమూ పెట్టారు. దుర్మార్గులు కొందరు చొరబడ్డారు అన్న తేలిక జవాబుతో రోచ్‌ఫర్డ్ సరిపెట్టలేదు. సన్యాసమే గొప్పది, సంసారం తక్కువది అనుకునే చోట పిల్లలు భారమవుతారు. పిల్లలకు పాఠం చెప్పడం వేరే పనికి పనికిరానివాడికి అప్పగించే పనవుతుంది. తల్లి చూడటానికి రాలేదు, పిల్లవాడి ఉత్తరం బయటికి పోదు. హింసకు ఇంతకంటే వేరే ఏర్పాటు అక్కర్లేదు. 2000లో పూర్వ విద్యార్థులు 40 కోట్ల డాలర్లకు దావా వేశారు. కొన్ని దేవాలయాలు దివాలా రక్షణ కోరాయి. 2005లో సుమారు 95 లక్షల డాలర్లకు, వందల మంది మధ్య, వ్యవహారం తేలింది. ఇవాళ్టి ఇస్కాన్ కుటుంబాలు ఎక్కువగా పిల్లల్ని తమ ఇంట్లోనే ఉంచుకుని పెంచుతాయి. నియమాలు అవే, తెల్లవారుజాము మంగళ హారతీ అదే. మారింది తల్లిదండ్రులు పక్కనుండటం.

రజనీశ్ కమ్యూన్లలో నియమాలు దాదాపు లేవు. టిమ్ గెస్ట్ అనే ఇంగ్లీషు కుర్రాడు తల్లి వెంట ఇంగ్లండ్, పుణే, ఒరెగాన్ కమ్యూన్లలో పెరిగి, 2004లో ఆ బాల్యం గురించి ఒక పుస్తకం రాశాడు. కాషాయం తప్ప కట్టుబాటు లేదు, బడి లేదన్నంత పలచన, ఎక్కడైనా తిరగొచ్చు. ప్రతి పెద్దా ప్రతి పిల్లాడికీ తల్లీ తండ్రీ అన్నారు. అంటే ఎవరూ ఎవరికీ కారు. తల్లి ఏ పనిలో ఉందో, ఎప్పుడొస్తుందో తెలియని పిల్లవాడికి స్వేచ్ఛ ఏం చేసుకోవాలో తెలియలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివాక నియమాల బిగువు గురించి నాకు పెద్ద పట్టింపు పోయింది. పిల్లవాడికీ తల్లికీ మధ్య గుంపు వచ్చి కూర్చుందా, పిల్లవాడికీ వీధికీ మధ్య తలుపు ఉందా. నేను చూసేది ఈ రెండే.

తలుపుల్లో మొదటిది బడి. 1972లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన యోడర్ కేసు దీనికి మూలస్తంభం. విస్కాన్సిన్‌లోని న్యూ గ్లారస్‌లో ఆమిష్, మెన్నొనైట్ అనే క్రైస్తవ వర్గాలకు చెందిన ముగ్గురు తండ్రులు ఎనిమిదో తరగతితో పిల్లల్ని బడి మాన్పించారు. పదహారేళ్లదాకా చదివించాలన్నది రాష్ట్ర చట్టం. తలా అయిదు డాలర్ల జరిమానా పడింది. ఆమిష్ పిల్లలకు పొలం పనే జీవితం, దానికి ఎనిమిది తరగతులు చాలు అని కోర్టు తండ్రుల పక్షాన తీర్పిచ్చింది. జస్టిస్ డగ్లస్ మాత్రం ఒక సంగతి దగ్గర ఆగాడు. పిల్లల్లో ఒక్క అమ్మాయే సాక్ష్యం చెప్పింది, మిగతా ఇద్దర్నీ ఎవరూ అడగలేదు. ఆ పిల్లవాడికి పియానో వాయించాలనో వ్యోమగామి కావాలనో ఉందేమో, అది తెలియకుండా తండ్రి హక్కు తేల్చడం ఎలా అన్నాడు.

యాభై ఏళ్ల తర్వాత చూస్తే డగ్లస్ పక్షమే బలంగా కనిపిస్తుంది. ఆమిష్ జనాభా నాలుగు లక్షలకు దగ్గర్లో ఉంది, పొలాలు అందరికీ చాలవు. ఇండియానాలో ఎందరో ఫ్యాక్టరీల్లో కారవాన్లు బిగిస్తున్నారు. ఎనిమిది చాలన్న లెక్క పొలం ఉంటేనే చెల్లుతుంది. బయటికి రావాలనుకున్న కుర్రాడికి హైస్కూలు సర్టిఫికెట్టు ఉండదు, ఒక్కోసారి సోషల్ సెక్యూరిటీ నంబరూ ఉండదు. ఆధార్ లేకుండా మన దగ్గర సిమ్ కార్డు కొనబోయినవాడి అవస్థ ఊహించుకోండి. న్యూయార్క్‌లో సంప్రదాయవాదులైన హసీదీ యూదుల పెద్ద బడి ఒకటుంది. 2019లో అక్కడ వెయ్యి మందికి పైగా మగపిల్లలు ప్రభుత్వం పెట్టిన చదువు, లెక్కల పరీక్షలు రాస్తే ఒక్కడంటే ఒక్కడు గట్టెక్కలేదు. పిల్లలకు తెలివి లేక కాదు, పొద్దంతా మతగ్రంథమైన తాల్ముద్‌ను చర్చించే బుర్రలవి. వాళ్లకు ఇంగ్లీషు నేర్పలేదు. అదే రాష్ట్రంలో పుట్టి, అదే రాష్ట్రపు భాషలో అర్జీ రాయలేరు. గుంపుకు తాళం వేసే శ్రమ కూడా తప్పింది.

రెండో తలుపు వెళ్లిపోవడానికి కట్టాల్సిన మూల్యం. ఇక్కడ ఆమిష్‌లను మెచ్చుకోవాలి. వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పద్దెనిమిదికో ఇరవైకో వచ్చాక, లోకం కాస్త చూశాక, ఇష్టపడి తీసుకోవాలి. అంతకుముందు వెళ్లిపోయినవాడికి వెలి లేదు, పండక్కి ఇంటికి రావచ్చు. అయినా 85 శాతానికి పైగా ఉండిపోతారు. తీసుకున్నాక వెళ్తే మాత్రం వెలి, ఒక బల్ల దగ్గర తిననివ్వరు. యెహోవా సాక్షుల్లో పది పన్నెండేళ్లకే బాప్తిస్మం తీసుకునే పిల్లలు కనిపిస్తారు. పదేళ్లప్పుడు ఇచ్చిన మాట తప్పాడని ఇరవై అయిదేళ్లవాణ్ణి సంఘం నుంచి తొలగిస్తే, బంధువులు రాకపోకలు దాదాపు మానేస్తారు. ఒకే ప్రమాణం, పదేళ్ల వయసులో ఒక అర్థం, ఇరవైలో ఇంకో అర్థం.

వెలి మనకు కొత్త మాటేమీ కాదు. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, చావుకు రారు. దావూదీ బోహ్రా సమాజంలో మతగురువు వెలివేస్తే మసీదుకూ శ్మశానానికీ కూడా దూరమవుతారు. బొంబాయి రాష్ట్రం 1949లో దాన్ని నిషేధించింది, 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 2023లో ఆ తీర్పును తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనానికి పంపారు. తండ్రి చేసిన తప్పుకు పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయి కనుక, అక్కడ నోరు మూసుకోవడం పిల్లల మీద ప్రేమే అయి కూర్చుంటుంది.

ఇంత తెలిశాక ప్రభుత్వం పోలీసుల్ని పంపితే సరిపోదా? పంపి చూశారు. 1953 జులై 26న అరిజోనాలోని షార్ట్ క్రీక్ మీద దాడి చేసి, బహుభార్యాత్వం పాటించే మార్మన్ చీలిక వర్గపు పిల్లలు 263 మందిని పట్టుకుపోయారు. ఏడుస్తున్న తల్లుల ఫొటోలు పత్రికల్లో పడ్డాయి, గవర్నరు మరుసటి ఎన్నికల్లో ఓడాడు. ఆ ఊరు యాభై ఏళ్లు ఇంకా బిగుసుకుంది. 2008లో టెక్సస్‌లో అదే వర్గపు ప్రాంగణం నుంచి 400 మందికి పైగా పిల్లల్ని తీసుకెళ్లారు, ఆధారం చేసుకున్న ఫోన్ కాల్ దొంగదని తేలింది. రెండు నెలలు తిరగకముందే రాష్ట్ర సుప్రీంకోర్టు పిల్లల్ని వెనక్కిప్పించింది. అయితే అక్కడ దొరికిన కాగితాలే వాళ్ల నాయకుడు వారెన్ జెఫ్స్‌కు 2011లో చిన్నపిల్లల మీద అత్యాచారాలకు యావజ్జీవం పడేలా చేశాయి. దాడి తప్పు, అనుమానం ఒప్పు. రెండూ నిజమే. జర్మనీ ఇంకోలా చేసింది. 2013లో ట్వెల్వ్ ట్రైబ్స్ అనే గుంపు పిల్లల్ని బెత్తాలతో కొడుతున్న వీడియో చేతిలో పెట్టుకుని 40 మందిని తీసుకెళ్లింది. 2018లో యూరప్ మానవ హక్కుల కోర్టు అది సబబే అంది. అక్కడ దెబ్బలు కళ్లకు కనిపించాయి, నమ్మకం మీద విచారణ జరగలేదు.

నాకు నచ్చిన తీర్పు మాత్రం ఇంగ్లండ్‌ది. చిల్డ్రన్ ఆఫ్ గాడ్ అనే గుంపులో ఉన్న కూతురి దగ్గర మనవడు క్షేమంగా ఉండడని ఒక అమ్మమ్మ 1992లో కోర్టుకెళ్లింది. పిల్లల మీద లైంగిక దుర్మార్గాలకు పేరుమోసిన గుంపు అది. జస్టిస్ వార్డ్ మూడేళ్లు తవ్వి, 1995లో పిల్లవాణ్ణి తల్లి దగ్గరే ఉంచాడు. ఊరికే కాదు. గుంపు పెట్టిన డేవిడ్ బెర్గ్ రాతలే ఆ పాపాలకు కారణమని గుంపు ఒప్పుకోవాలి, పద్ధతులు మార్చుకోవాలి అన్నాడు. పిల్లవాణ్ణి తల్లి నుంచి తెంచలేదు, తలుపుకు గొళ్లెం ఊడబీకాడు.

మన దేశంలో ఇలాంటి మలుపు 1986లో వచ్చింది. కేరళలో ముగ్గురు యెహోవా సాక్షి పిల్లలు జనగణమన వేళ మర్యాదగా నిలబడ్డారు, పాడలేదు. బడి గెంటేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి ఢిల్లీ వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ధర్మాసనం వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. అది మతస్వేచ్ఛ తీర్పని అందరూ అంటారు. నాకు అది బడి తీర్పు. గుంపు కట్టిన గోడకు బయటినుంచి మనం మరో వరస ఇటుకలు పేర్చకూడదని అందులో ఉంది.

అయితే ఇటుకలు చట్టంలోనూ ఉన్నాయి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కు ఇచ్చిన 2009 చట్టానికి 2012లో చిన్న సవరణ చేశారు. మదరసాలకు, వేద పాఠశాలలకు, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలకు ఈ చట్టం వర్తించదని. పిల్లల్ని ఎవరూ అడగలేదు. వేదం నేర్చుకోవద్దని, ఖురాను కంఠస్థం చేయొద్దని నేననను. దాంతోపాటు లెక్కలు, రాష్ట్ర భాష, ఒక సర్టిఫికెట్టు కూడా ఉండాలంటాను. చాలా పాఠశాలలు ఇప్పటికే ఇస్తున్నాయి. ఇవ్వనివాటిని ఈ చట్టం కింద అడిగే అధికారం మాత్రం ఎవరికీ లేకుండా పోయింది.

చట్టం ఎప్పుడు మారుతుందో మారదో. ఈలోగా మీ చుట్టాల్లో ఎవరైనా అలాంటి గుంపులో ఉంటే వాళ్ల నమ్మకం గురించి వాదనకు దిగకండి. వాదిస్తే ముందు తెగేది పిల్లలతో రాకపోకలే. మా స్నేహితుణ్ణి నిలబెట్టింది వాడి మేనత్త. గుంపులో చేరలేదు, గుంపును తిట్టలేదు. ఏటా వేసవికి రమ్మని కార్డు రాసేది. ఇంట్లోవాళ్లు ఆరేళ్లు పంపలేదు, ఆవిడ ఏడో ఏడూ రాసింది. ఆ వేసవి వాడు బస్సెక్కాడు. మీరూ రాయండి.